టీవీలో చనిపోయిన పిల్ల

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కువైట్ టీవీలో రోజూ సాయంత్రం ఒక చిన్న ప్రభుత్వ చిత్రం వచ్చేది. పచ్చ గౌను వేసుకున్న పిల్ల ఎడారిలో నవ్వుతూ పరుగెత్తుతుంది. ఇసుకలో ఏదో మెరుస్తుంది. వంగి చెయ్యి చాస్తుంది. తెర నల్లబడిపోతుంది. ఆ చీకట్లో ఒక తల్లి గొంతు పిల్లను పిలుస్తూనే ఉంటుంది. యుద్ధంలో పేలకుండా మిగిలిన బాంబులుంటాయి, దొరికిన వస్తువేదీ ముట్టుకోవద్దని చివర్లో ఒక మగగొంతు హెచ్చరిస్తుంది.

ఆ పిల్ల యాస్మిన్. రాయచోటి నుంచి వచ్చిన అబ్దుల్ ఖుద్దూస్, రజియా బీల ఒక్కగానొక్క కూతురు. చిత్రం తీసేవాళ్లకు ఖుద్దూస్ వ్యాను నడిపేవాడు. ఆ రోజుల్లో ఎడారికి పిల్లల్ని పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. నీ కూతుర్ని తీసుకురా అన్నారు. కాదనలేకపోయాడు. భార్యకు మాత్రం, టీవీలో కనపడుతుందిలే అని చెప్పి ఊరుకున్నాడు.

మొదటిసారి చూసిన సాయంత్రం రజియా లేచి టీవీ వైరు లాగేసింది. అంతటితో పోలేదు. వాళ్లుండే హవల్లీ పేటలో స్కూలు బస్సులో యాస్మిన్ పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఒకనాడు ఇంటికొచ్చి అడిగింది.

"అమ్మా, నేను సచ్చిపోయినానా?"

రజియా బిడ్డను ఒళ్లోకి లాక్కుని భర్తతో అంది: "ఆ సినిమా మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తొద్దు."

ఖుద్దూస్ ఎత్తలేదు.

యాస్మిన్ పెరిగింది. సెల్‌ఫోన్లు బాగుచేసే అస్లాంను పెళ్లి చేసుకుంది. కిందటేడు రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. నలభై నిండలేదు.

పెద్దయ్యాక తీసిన వీడియోలు అస్లాం ఫోన్లో బోలెడున్నాయి. చిన్నప్పటివి నాలుగు ఫొటోలు, అంతే. ఒకరోజు రజియా అల్లుడితో మెల్లగా అంది:

"నాయినా అస్లాం, ఆ సినిమా యాడన్నా దొరుకుతాదేమో చూడు. దాంట్లోనన్నా అది పరుగెత్తుతాంటాది."

పాత టేపులు కూడబెట్టే ఒక కువైటీ దాన్ని ఇంటర్నెట్లో పెట్టాడు. శుక్రవారం నమాజు అయ్యాక అస్లాం ఫోను పట్టుకుని వచ్చాడు. ఆ వీడియో కింద జనం రాసిన మాటలు అరబ్బీలోంచి చదివి చెప్పాడు. ఈ పిల్లను తలచుకుని రాత్రుళ్లు ఏడ్చేవాళ్లమని కొందరు రాశారు. ఇప్పుడెక్కడుంది, బాగుందా అని ఒకామె అడిగింది.

ఫోను అత్త చేతికిచ్చాడు. పచ్చ గౌను పరుగెత్తింది. పిల్ల వెనక్కి తిరిగి ఏదో అంది. రజియా ముఖం వాడిపోయింది.

"ఇది యాస్మిన్ గొంతు కాదు."

"అరబ్బీ పిల్లతో చెప్పిచ్చినారత్తా. అప్పుడట్లే చేసేవాళ్లు."

ఆమె ఫోను ఒళ్లో బోర్లించింది. కూతురి గొంతు కూడా వినబడుతుందని ఆశపడిందని అప్పుడు గాని అస్లాంకూ ఖుద్దూస్‌కూ అర్థం కాలేదు.

గోడవార కూర్చున్న ఖుద్దూస్ జరిగి దగ్గరకొచ్చాడు. "సౌండు తీసేసి పెట్టప్పా."

శబ్దం లేకుండా చిత్రం మళ్లీ మొదలైంది. పిల్ల పెదవులు కదిలాయి.

"'నాయినా, చెప్పుల్లోకి ఇసక పోతాంది' అన్నెది," అన్నాడు ఖుద్దూస్. "గొంతు తర్వాత కలుపుతాం, నోటికొచ్చింది మాట్లాడమన్నారు. నేను కెమెరా ఎనకాలే ఉన్న్యా."

పిల్ల వంగింది. మళ్లీ ఏదో అంది.

"ఇదేమన్నెది?" అడిగింది రజియా.

"'మెరుస్తాంది నాయినా, అమ్మకిచ్చేదా' అన్నెది."

"నువ్వేమన్నావ్?"

"ఇద్దువులే అన్న్యా."

తెర నల్లబడింది. రజియా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఖుద్దూస్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అస్లాం లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆ పొద్దు ఇంకా ఏమేం మాట్లాడింది?"

తిరిగొచ్చేటప్పుడు యాస్మిన్ వ్యాను ముందు సీట్లో కూర్చుంటానని మారాం చేసిందనీ, దారిలో తన భుజం మీదే నిద్రపోయిందనీ ఖుద్దూస్ చెప్పసాగాడు.