పదహారో ఛానల్లో తిట్లు

నేను ఒక వైర్‌లెస్ సెట్టుని. సముద్రం మీద బోటుకీ బోటుకీ, బోటుకీ ఒడ్డుకీ మాటలు మోసే యంత్రాన్ని. మీ ఇళ్లల్లో పాటలు పాడే రేడియోలు నాకు చుట్టాలు కావు. నన్ను పాడమని ఎవరూ అడగలేదు. నేను మోసిన మాటల్లో సగానికి పైగా తిట్లే.

ఎక్కడో ఒక కర్మాగారంలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు నా లోపలి తీగలు అతికించారు. నీళ్లలో ముంచి తీసి, ఇంకా పలుకుతున్నానని రూఢి చేసుకుని అట్టపెట్టెలో పెట్టారు. విశాఖపట్నం చేపలరేవు దగ్గర ఒక దుకాణంలో, అద్దాల బీరువాలో చాలాకాలం కూర్చున్నాను. ఒకరోజు అక్కడికి చోడిపల్లి మసేనమ్మ వచ్చింది. ఆమె వెనకే చెప్పులు ఈడ్చుకుంటూ మరిది ఎల్లాజీ వచ్చాడు. అతని మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, ఈ మనిషికీ నాకూ పొసగదని.

మసేనమ్మకు ఒక మరబోటు ఉంది. దాన్ని నడిపేది ఎల్లాజీ. ఆమె భర్త పోలారావు అంతకుముందు ఏడాది చిన్న ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తే, నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. గాలి పడవని లాక్కుపోయింది. దూరంగా బోట్లు పోతూనే ఉన్నాయట. పోలారావు చొక్కా విప్పి ఊపాడట, గొంతు పోయేదాకా అరిచాడట. అదే పడవలో పనిచేస్తూ బతికి బయటపడ్డ కళాసీ చెప్పిన మాటలివి. పోలారావు తిరిగి రాలేదు. ఆనాడు అన్నదమ్ములిద్దరూ ఏదో విషయంలో మాటామాటా అనుకుని ఉన్నారు. అన్న పొద్దుగూకేసరికి ఒడ్డుకు చేరకపోయినా ఎల్లాజీ వెతకడానికి కదల్లేదు. మర్నాడు వెళ్లాడు. మసేనమ్మ అది మరిచిపోలేదు. కానీ బోటు నడపడానికి అతన్ని మించిన డ్రైవరు ఆమెకు దొరకలేదు. అలా ఒకే బోటు సంపాదన తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతికేవారు.

"చేతిసెట్టు తీసుకోండమ్మా, తేలిగ్గా ఉంటుంది," అన్నాడు దుకాణదారు.

"అది ఎంతదూరం ఇనబడతాది?"

"దగ్గర్లో ఉన్న బోట్లకి బాగా వినబడుతుంది."

"దగ్గర్లో ఉన్నోడికైతే కేకేస్తే సాలు. ఒడ్డుకి ఇనబడీది తియ్యి."

అప్పుడు నన్ను బయటికి తీశాడు. బోటు బ్యాటరీ మీద నడుస్తాననీ, యాంటెన్నా ఎంత ఎత్తున కడితే నా మాట అంత దూరం పోతుందనీ చెప్పాడు.

"సెల్లు ఉండగా ఈ డబ్బా ఎందుకు?" అన్నాడు ఎల్లాజీ.

"మీ అన్న జేబులోనూ సెల్లే ఉంది," అంది మసేనమ్మ, అతని వైపు తిరక్కుండానే.

నన్ను బిగించడానికి మెకానిక్ జిలానీ వచ్చినప్పుడు మసేనమ్మ లేదు. ఎల్లాజీ తనకు తోచిన చోటు చూపించాడు, సరిగ్గా కంపాస్ పక్కన. యాంటెన్నాని కేబిన్ కప్పు మీద, చేతికి అందే ఎత్తులో కట్టించాడు. జిలానీ ఏదో చెప్పబోతే, "బోటు నడిపీది నానా, నువ్వా?" అని నోరు మూయించాడు. జిలానీకి ఇంకో బోటులో పని ఉంది. చెప్పినట్టే బిగించి వెళ్లిపోయాడు.

నా స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. కంపాస్ ముల్లు నావైపు వాలింది. ముసురు పట్టిన రోజున రేవుకని బయల్దేరిన ఎల్లాజీ భీమిలి దగ్గర తేలాడు. జెట్టీ మీద అందరూ నవ్వారు. అతను కేబిన్లోకి వచ్చి నా మొహాన ఒక్కటి చరిచాడు. "ఈ దరిద్రం ఎక్కినకాణ్ణించీ బోటుకి దారి తెలడం నేదు," అని ఊరంతా చాటాడు. నాకు చేతులుంటే తిరిగి చరిచేదాన్నే.

ఆ మాట విని మసేనమ్మ తనే బోటెక్కింది. ఆడమనిషి ఎక్కితే వేట సాగదని ఒక ముసలి కళాసీ గొణిగాడు.

"బోటు నాది. సేపకి కోపమొస్తే నాతో సెప్పమను," అంది.

జిలానీని పిలిపించి నన్ను కంపాస్‌కి దూరంగా, కేబిన్ అవతలి గోడకు మార్పించింది. యాంటెన్నాని ఇనుప స్తంభం చిట్టచివరకు ఎక్కించింది. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగించి, ఉప్పుగాలి తగలకుండా అతుకులకు రబ్బరు టేపు చుట్టించింది. మైకు తీసుకుని బోట్ల సంఘం ఆఫీసులోని సెట్టుని పిలిచింది.

"ఇనబడతాందా?"

"గంట కొట్టినట్టు వినబడతాంది, మసేనమ్మా!"

ఎల్లాజీ గుమ్మంలో నిలబడ్డాడు. "ఒదినా, ఇది బోటుకి కాదు, నా మెడకి కడతన్నావు. అన్నని నానే సంపీసినట్టు ఇది రోజూ నాకు గుర్తుసెయ్యాలనా?"

"అవును," అంది మసేనమ్మ. బోటు దిగిపోయింది.

అప్పటినుంచి అతను నా మీద తడి తువ్వాలు ఆరేసేవాడు. బీడీ నా నెత్తిన నలిపేవాడు. శబ్దం ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గించేవాడు. నేను కూడా అతనికి కావలసిన మాట వచ్చినప్పుడల్లా గరగరమన్నాను. అబద్ధమెందుకు, కావాలనే.

ఒక మధ్యాహ్నం గాలి ముదిరింది. వల నీటిలో ఉంది. పదహారో ఛానల్, అంటే ఆపదలో ఉన్నవాళ్లు పిలవాల్సిన ఛానల్లో, ఒక గొంతు వచ్చింది.

"బండియ్యని మాటాడతన్నాను. ఇంజన్లోకి నీరొచ్చీసింది. ఎవులున్నా రండి బాబూ, బోటు మునిగిపోతాది..."

పెసింగి బండియ్య ఎల్లాజీకి బద్ధ శత్రువు. కిందటి వేటలో బండియ్య తన బోటుని ఎల్లాజీ వల మీంచి పోనిచ్చి దాన్ని చింపేశాడు. జెట్టీ మీద ఇద్దరూ తలలు పగలగొట్టుకుని స్టేషన్ దాకా వెళ్లారు. ఇప్పుడు బండియ్య బోటు ఒక పక్కకు ఒరిగి, మా కళ్లకు కనబడుతూనే ఉంది.

ఎల్లాజీ చెయ్యి చాచి నా శబ్దం పూర్తిగా తగ్గించేశాడు.

"దగ్గర్లో మనమే ఉన్నాం," అన్నాడు ముసలి కళాసీ.

"వల ఎవుడు లాగుతాడు, నీ బాబా?"

ముసలివాడు లోపలికొచ్చి, ఎల్లాజీ మొహంలోకి చూస్తూనే శబ్దం మళ్లీ పెంచాడు. అప్పుడు మసేనమ్మ గొంతు వచ్చింది. బండియ్య కేక ఒడ్డున సంఘం ఆఫీసుకీ చేరింది, ఆమె అక్కణ్ణించి మాట్లాడుతోంది.

"ఎల్లాజీ, ఇంటన్నావని నాకు తెలుసు."

అతను మైకు అందుకున్నాడు. మీట నొక్కాడు. అతని ఊపిరి మాత్రం నాలోంచి పోయి తీరమంతా వినబడింది.

"మాటాడకపోతే మానీ. నీకు బండియ్యంటే పడదు. నాకు నువ్వంటే పడదు. వాడి పెళ్లాం నా పక్కనే కూకుంది. ఏటి సెప్పమంటావు దానికి?"

ఎల్లాజీ మైకు వదిలేశాడు. అది తీగకు వేలాడి గోడకు కొట్టుకుంది. అతను బయటికి పోయి, "వల కోసీండ్రా!" అని అరిచాడు. చేపతో సహా వల సముద్రంలోకి జారిపోతుంటే అటు చూడలేదు.

ఆ గాలిలో తాడు అందించబోతే ఎన్నిసార్లు తప్పిందో. చివరికి అందింది. బండియ్య మనుషులు నీళ్లు తోడుతూ ఉండగా మా బోటు ఆ బోటుని లాగడం మొదలుపెట్టింది. తాడు బిగిసిందో లేదో, నాలోంచి బండియ్య గొంతు పేలింది.

"మెల్లగా లాగరా ఎదవా, ముక్కు ఊడిపోతాది!"

"ఊడిపోనీ! నీ మొహానికి బోటొకటా!"

ఇక రేవు దాకా అదే. వాళ్ల తాతలు, వలలు, పెళ్లిళ్లు, ఏదీ మిగల్లేదు. సంఘం ఆఫీసు గుమాస్తా, "ఆపండయ్యా! ఇది ఆపదల ఛానల్!" అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. అతని మైకు తెరిచే ఉండడంతో వెనక మసేనమ్మ అన్న మాట కూడా నాకు చేరింది.

"తిట్టుకోనీ బాబూ. అది ఇనబడినంతసేపూ ఇద్దరూ ఉన్నట్టే."

ఆమె పక్కన ఎవరో ఆడమనిషి ఏడుస్తూ నవ్వింది.

జెట్టీ మీద వాళ్లు కావలించుకున్నారని మీరనుకుంటే, మీకు ఆ ఇద్దరి సంగతి తెలియదన్నమాట. "తాడు కట్టడం రాదు గానీ డ్రైవరంట," అన్నాడు బండియ్య ఒడ్డుకు దూకుతూ. "పద, మళ్లీ అక్కడే వదిలీసొస్తాను," అన్నాడు ఎల్లాజీ. మసేనమ్మ వల లేని బోటుని చూసింది, మరిదిని చూసింది. వల గురించి అడగలేదు. వెళ్లిపోయింది.

మర్నాటి వేట నుంచి ఒక కొత్త అలవాటు మొదలైంది. రోజూ సాయంత్రం ఆమె పిలిచేది.

"ఎక్కడున్నావు?"

"నీటి మీద."

ఆమె మైకు పెట్టేసేది. క్షేమమా అని ఆమె అడగలేదు, తిన్నావా అని అతనూ అడగలేదు. ఒడ్డు మీద కనబడితే తలలు తిప్పుకునేవారు. ఆ రెండు ముక్కలు మాత్రం ఏ ఒక్క సాయంత్రం తప్పలేదు.

చివరికి ఉప్పే నన్ను తినేసింది. వేటకాలం మంచి జోరు మీదుండగా ఒక ఉదయం నా నోరు పడిపోయింది. ఎల్లాజీ నన్ను కొట్టాడు, ఊపాడు, బూతులు తిట్టాడు. నేను పలకలేదు. ఇప్పుడు జిలానీ కొట్టులో, పనికొచ్చే తీగలన్నీ పీకేసిన సెట్ల గుట్టలో పడి ఉన్నాను. నా మీద బీడీ మచ్చలు ఇంకా ఉన్నాయి. అతన్ని నేను క్షమించలేదు.

కానీ నన్ను ఇక్కడికి తెచ్చింది అతనే. వలలు బోటెక్కించే పని మధ్యలో వదిలేసి, చెమటలు కక్కుతూ వచ్చి, నన్ను జిలానీ బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఇంకోటియ్యి, బేగి," అన్నాడు. "సాయంత్రం ఆవిడ అడుగుతాది."