ఆకుల టీచరు లోలకం

పిల్లలు ఆమెకు ఆకుల టీచరని పేరు పెట్టి ఆరేళ్ళయింది. మొక్కల పాఠమంటే ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనిషిని, ఫిజిక్స్ మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోగానే, సైన్సే కదమ్మా, అదీ ఇదీ ఒకటేనంటూ హెడ్‌మాస్టరు పదో తరగతి ఫిజిక్సుకి తోలేశారు. చెప్పులు కుట్టేవాడూ బట్టలు కుట్టేవాడూ ఇద్దరూ సూదే పట్టుకుంటారు మరి.

మూడు నెలలుగా ఆమెకు ఆదివారమన్నది లేదు. ఇవాళ తను చదువుకున్నది రేపు చెప్పడం, ఎవరైనా ప్రశ్న వేస్తే నీళ్ళు నమలడం. అక్కకి ఫోన్ చేసి ఏడిస్తే, చేతకాకపోతే చేతకాదని రాసిచ్చెయ్యవే, అందులో పరువు తక్కువేముంది అంది. సరేనని రాసింది. మొక్కల పాఠాలే ఇప్పించండి, కాదంటే ఉద్యోగం మానేస్తాను అని. ఈ గురువారం క్లాసు కూడా చెడితే ఆ కాగితం మధ్యాహ్నానికల్లా హెడ్‌మాస్టరు బల్ల మీద ఉండాలని ఒట్టు పెట్టుకుని బ్యాగులో వేసుకుంది.

గురువారమే ఎందుకంటే ఆ రోజు పెద్దమాస్టారు వస్తారు. ముప్పై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఫిజిక్స్ కొత్తగా నెత్తిన పడ్డ టీచర్లకు తోడుగా ఉండమని విద్యాశాఖ ఆయన్ని పంపింది. తోడంటే ఏమిటో గానీ, వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుని చిన్న నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటారు, క్లాసు అయ్యేదాకా పెదవి విప్పరు. ఆ పుస్తకం నిండా తన తప్పులే ఉంటాయని ఆమె నమ్మకం.

ఆవేళ లోలకం ప్రయోగం. మీటరు దారం, చివర ఇనుప గుండు. ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో కొలిచి సూత్రంలో వేస్తే భూమి ఆకర్షణని చెప్పే జి విలువ తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలి. పిల్లలు నాలుగు గుంపులుగా గుండు వదిలి, ఒకటీ రెండూ అని పైకే లెక్కపెట్టారు. నాలుగు గుంపులకీ పదకొండుకి దగ్గరగా వచ్చింది. ఆమె స్టాప్‌వాచ్ మార్చింది. దారం మళ్ళీ కొలిచింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గుండు మీద కూడా నేరం మోపింది. జవాబు మాత్రం కదల్లేదు.

కిందటి వారమైతే పుస్తకంలో ఉన్నదే రాసుకోండర్రా అని గట్టెక్కేసేది. ఇవాళా ఆ మాట అననే అంది. అందరూ బుడంకాయ అని పిలిచే పిల్ల ముందు బెంచీలోంచి లేచింది.

"పుస్తకంలోదే రాసుకుంటే ఇంక కొలవడమెందుకు, టీచర్?"

ఆమె ఆఖరి బెంచీ వైపు చూసింది. పెద్దమాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయనకి తెలుసు, తెలిసే ఊరుకున్నారు. ఆ క్షణాన ఆయన మీద ఆమెకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఇంక దాచుకోడానికేం మిగిలిందని నిజం చెప్పేసింది. "ఎందుకిలా వస్తోందో నాకూ తెలీదర్రా. ఈసారి నేను వదుల్తాను, అందరం కలిసి చూద్దాం."

రీడింగులు రాయమని బ్యాగులోంచి చేతికందిన కాగితం తీసి బుడంకాయకిచ్చింది. కొత్త మొలక ముందు కూర్చున్నట్టు లోలకం ముందు కూర్చుంది. గుండు వదుల్తూ "ఒకటి" అంది. అని, చటుక్కున ఆగిపోయింది. గుండు ఇంకా ఒక్క ఊపైనా ఊగలేదు. తను అప్పుడే ఒకటి అనేసింది.

గబగబా బోర్డు మీద ఒక కాడ గీసి ఐదు కణుపులు పెట్టింది. కణుపుకీ కణుపుకీ మధ్య ముక్కలెన్నని అడిగితే, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు నాలుగన్నారు.

"మరి వదిలేటప్పుడే ఒకటంటే, ఇరవై అనేసరికి ఎన్ని ఊపులవుతాయి?"

"పంతొమ్మిది," అంది బుడంకాయ, నెమ్మదిగా. మనం ఇరవైతో భాగించాం అని ఇంకెవరో అందుకున్నారు.

ఈసారి సున్నాతో మొదలుపెట్టారు. మూడు గుంపులకు తొమ్మిది పాయింట్ ఎనిమిది, ఒక గుంపుకి తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఆకుల టీచరు బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బెల్లయ్యాక పెద్దమాస్టారు దగ్గరికొస్తే, తెలిసీ ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"నేను చెబితే ఇది నా క్లాసయ్యేదమ్మా. రేపు వీళ్ళ ముందు నిలబడాల్సింది నువ్వు కదా," అని ఆయన నోటు పుస్తకం తెరిచి చూపించారు. ఆ పేజీలో ఆమె తప్పు ఒక్కటీ లేదు. ఐదు కణుపుల కాడ బొమ్మ ఉంది. "సున్నా నుంచి లెక్కపెట్టమని ముప్పై రెండేళ్ళు చెప్పాను. ఎందుకలా లెక్కపెట్టాలో ఇంత తేలిగ్గా చెప్పడం నాకు రాలేదు. వచ్చే గురువారం మిగతా కొత్త టీచర్లకి ఇది నువ్వే చెప్పాలి."

రాసుకుంటానని రీడింగుల కాగితం అడిగారు. ఇచ్చాక గానీ అదేమిటో ఆమెకు వెలగలేదు. ఆయన వెనక్కి తిప్పి, మొదటి నుంచి చివరిదాకా తాపీగా చదివారు.

"ఇది హెడ్‌మాస్టరుకి చేరాల్సిందా అమ్మా?"

ఆమె కాగితం కోసం చెయ్యి చాపింది. "ఇచ్చేస్తే పిల్లల రీడింగులు పోతాయి మాస్టారూ," అంది.

కాగితం తీసుకుని, రీడింగులు పైకి కనిపించేలా ల్యాబు గోడకి అంటించింది. నాలుగు మూలలా జిగురు రాస్తే సరిపోయేది. ఆమె కాగితం వెనకంతా రాసింది.