తొలి వాయ

చీరమేనుని ఏడు నీళ్లు కడగాలి. ఆరు చాలవు. ఆరో నీటికి చేప తెల్లగా మెరిసి నమ్మించేస్తుంది గానీ, పంటికింద ఇసుక తగిలిందంటే ఇరవై రెండేళ్ల పేరు ఒక్క ముద్దలో పోతుంది. ఫరంపేటలో నాగదుర్గకి ఆ పేరుంది. బియ్యపు గింజంత కూడా లేని ఆ పిల్లచేపల్ని పల్చటి గుడ్డలో పోసుకుని, ఆదివారం పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని కడుగుతోంది. గోదావరి మీద తూర్పుగాలి తిరిగాక కొద్దిరోజులే దొరికే సరుకు అది. దీపావళి దాటి కార్తీకం వచ్చిందంటే ఆ ఇంట్లో నెల్లాళ్లు నీచు వండరు. ఇవాళ తప్పితే మళ్లీ ఏడాదికే.

ఆ పేరెలా వచ్చిందో కూడా నాగదుర్గకి బాగా తెలుసు. భర్త గోపాలకృష్ణ ఏటా ఈ రోజుల్లో స్నేహితుల్ని భోజనానికి పిలుస్తాడు. వాళ్లు వరండాలో ఆకుల ముందు కూర్చుంటే, ఆవిడ వంటింట్లో నిలబడి వాయ మీద వాయ చీరమేను గారెలు వేస్తూనే ఉంటుంది. "మా ఆవిడ గారె బాండీలోంచి నేరుగా ఆకులోకి దూకాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు" అంటాడాయన గొప్పగా. "ఇంకోటి వెయ్యమంటారా?" అంటూ ఈవిడ తిరుగుతుంది. అది తనని పొగడటమే అనుకుని మొదటి పదేళ్లూ మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం. అత్తగారైతే "వేసేవాళ్లు మధ్యలో తింటే చేతిలో రుచి పోతుందమ్మా" అనేది. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక, గిన్నె అడుగున నూనె పీల్చి మెత్తబడిన గారెలు రెండు మిగిలేవి. చీరమేను గారె వేడిమీద కరకరలాడుతుందని ఆవిడ వినడమే. నాకూ ఒకటి కావాలని తనకి అడగాలని తోచలేదు, తిన్నావా అని ఆయనకి అడగాలని తోచలేదు. ఇందులో ఏది తల్చుకున్నా ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

కిందటి నెల తను పనిచేసే స్కూలు పిక్నిక్కులోనూ ఇదే వరస. "మేడమ్స్ వడ్డించేస్తే తొందరగా అయిపోద్ది కదండీ" అన్నారు మగ టీచర్లు. నిజంగానే అయిపోయింది, బిర్యానీ. లెక్కలు చెప్పే తెరేసా ఖాళీ డేగిశా గీకుతూ, "మనం కూర్చుని తినే రోజు ఎప్పుడొస్తుందే దుర్గా?" అంది. "వచ్చే నెల్లో, మా ఇంట్లో" అనేసింది సోషల్ చెప్పే నాగదుర్గ. అనేశాక భయపడింది. గోపాలకృష్ణకి కాకినాడలో గృహప్రవేశం ఉన్న ఆదివారమే చూసుకుని పిలిచింది. వెళ్తూ వెళ్తూ ఆయన, "మీ లేడీసేగా, పులిహోర కలిపెయ్, సరిపోద్ది" అన్నాడు.

చర్చి అయ్యాక తెరేసా వచ్చింది. స్కూలు ఆఫీసులో క్లర్కు ఎస్తేర్‌రాణి, కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచరు సాయిదివ్య వెనకాలే వచ్చారు. వరండాలో నాలుగు ఆకులు పరిచి, నాగదుర్గ వంటింట్లోకెళ్లి తొలి వాయ వేసింది. వెనక్కి తిరిగితే ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఎస్తేర్‌రాణి ఎవరూ అడక్కుండానే ఉల్లిపాయలు తరుగుతోంది. సాయిదివ్య గ్లాసులు తుడుస్తోంది.

"మీరెళ్లి కూర్చోండే, నేను వేసి తెస్తాను."

"నువ్వు కూర్చో, ఆ గరిటె ఇలా ఇయ్యి" అంది తెరేసా.

"మీరిద్దరూ పెద్దాళ్లు, వెళ్లండక్కా, నేను చూసుకుంటాను" అని ఎస్తేర్‌రాణి మధ్యలో దూరింది.

ఈ మర్యాదల్లో తొలి వాయ కాస్తా నల్లగా మాడిపోయింది. వరండాలో నాలుగు ఆకులూ ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి. నాగదుర్గ అటు చూసి పడిపడి నవ్వింది. "ఇంట్లో మగపురుగు లేకపోయినా మనం ఎవరికే వడ్డిస్తున్నాం?"

దీపావళి పిండివంటలకని అటక మీద పెట్టిన చిన్న సిలిండరు పొయ్యిని దింపించింది. వరండా మధ్యలో పెట్టి, చుట్టూ ఆకులు, పక్కన పిండిగిన్నె. ఎవరికి చెయ్యందితే వాళ్లే గారె వెయ్యాలి, లేవకూడదు. లేచినవాళ్లు అంట్లు తోమాలని సాయిదివ్య షరతు పెట్టింది.

మొదటి గారె నాగదుర్గ ఆకులో పడింది. వేళ్లు చుర్రుమన్నా విరిచి, ఊదుకుని నోట్లో పెట్టుకుంది. పైన కరకర, లోపల మెత్తగా చీరమేను, మధ్యలో పచ్చిమిరప ఘాటు. కళ్లు నీళ్లతో నిండాయి.

"కారం ఎక్కువైందా?" అంది తెరేసా.

"కాదే. ఈ మగాళ్లు ఇన్నేళ్లూ తిన్నది ఇదా?"

నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వుతుండగా గేటు చప్పుడైంది. గోపాలకృష్ణ, వెంట ఆయన స్నేహితుడు సత్యనారాయణ.

"అక్కడ పప్పూ గుత్తొంకాయేనంట, తినకుండా వచ్చేశాం. వాసన సందు చివరి దాకా కొడతా ఉంది" అన్నాడాయన చెప్పులు విడుస్తూ. "దుర్గా, రెండాకులు వెయ్యి."

నాగదుర్గ మోకాలు దానంతటదే లేచింది. మనసు ఇంకా ఏమీ అనుకోలేదు, కాలు మాత్రం లేచిపోయింది. అది చూసి ఆవిడకే భయం వేసింది. అరచేత్తో మోకాలిని నొక్కిపెట్టి కూర్చుంది.

"ఆకులు పెరట్లో ఉన్నాయండి, కోసుకోండి. మేం లేవకూడదు."

"మరి గారెలెవరు వేస్తారు?"

"ఇలా వచ్చి కూర్చోండి. చెయ్యి తడుపుకుని పిండి తట్టండి, అదే వస్తుంది."

ఆయన సత్యనారాయణ వైపు చూశాడు. సత్యనారాయణ అప్పటికే ఆకుల కోసం పెరటి దారి పట్టాడు. గోపాలకృష్ణ చొక్కా చేతులు మడిచి, బాండీకి బారెడు దూరంలో కూర్చుని, నూనె చిటపటలకి మొహం తిప్పుకుంటూ గారె వేశాడు. వంకరగా వచ్చింది. ఓ పక్క మాడింది. తీసి, ఎవరి ఆకులో వెయ్యాలో తెలియక కాసేపు గరిటె పట్టుకునే ఉండి, చివరికి నాగదుర్గ ఆకులో వేశాడు.

ఆవిడ తింటూంటే చూశాడు. ఇన్నేళ్లలో ఆవిడ తింటుండగా ఆయన చూడటం ఇదే మొదలు.

"ఇంకోటి వెయ్యమంటావా?" అన్నాడు.

ఆ మాట అనడమే తప్ప, దానికి జవాబు చెప్పే అవసరం నాగదుర్గకి ఎప్పుడూ రాలేదు. ఆకుని కాస్త ముందుకి జరిపింది.

"వెయ్యండి."