కాకి ముట్టిన ముద్ద

భానుశ్రీకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా ప్రేమగా ఏదైనా పెడితే వద్దనలేదు. రాజమండ్రిలో పెళ్ళి భోజనాలకి వెళ్తే వడ్డించేవాళ్ళంతా ఈ పిల్ల విస్తరి దగ్గరే ఆగేవారు, చెయ్యి అడ్డం పెట్టదు కనక. దీన్ని మనవాళ్ళు మొహమాటం అంటారు. అమెరికా వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆవకాయ సీసాతో సహా అన్నీ తిప్పి తిప్పి చూశారు గానీ ఈ మొహమాటాన్ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. అది భద్రంగా భానుశ్రీతో పాటే నార్త్ కరొలైనాలో దిగింది.

దిగాక ఉండాల్సింది మోరిస్‌విల్‌లో శశికళ ఆంటీ ఇంట్లో. ఆంటీ, అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. తీరా టికెట్ కొన్నాక ఆంటీ అత్తమామలు ఇండియా నుంచి వచ్చేశారు, ఖాళీ గది కాస్తా నిండిపోయింది. విదేశీ విద్యార్థుల్ని స్థానిక కుటుంబాల దగ్గర ఉంచే ఏర్పాటు యూనివర్సిటీలో ఉందంటే దానికి అప్లై చేసింది. అమెరికా కుటుంబం దొరుకుతుందనుకున్న పిల్లకి జపాన్ కుటుంబం దొరికింది. కుటుంబం అంటే ఒక్క మనిషే. కజుకో గారికి డెబ్భై రెండేళ్ళు. ముప్పై అయిదేళ్ళుగా కాపురం ఇక్కడే. భర్త మసావో గారు మూడేళ్ళ కిందట పోయారు.

ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే, ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే, కాబట్టి తప్పులు పట్టేవాళ్ళు లేక హాయిగా సాగేది. మొదటి రోజు భానుశ్రీ క్లాసుకి బయల్దేరుతూ “ఐ యామ్ గోయింగ్” అంటే కజుకో గారు గుమ్మంలో ఆపేశారు.

“అలా అనకూడదు. ‘ఇత్తెకిమాస్’ అనాలి. వెళ్ళి, తిరిగి వస్తాను అని అర్థం. నేను ‘ఇత్తెరాష్షాయ్’ అంటాను. వెళ్ళి, తిరిగి రా అని.”

భానుశ్రీ నవ్వింది. “మా ఇంట్లో కూడా వెళ్తాను అంటే మా నాయనమ్మ తిట్టేది, కజుకో సాన్. వెళ్ళొస్తాను అనాలి.”

ఆ మాట విని ఆ పెద్దావిడ మొహం ఎంత వెలిగిందో చెప్పలేం. సాన్ అంటే గారు అని కూడా ఆ రోజే తేలింది. ఇంకేం, ఇది మనిల్లే అనుకుంది భానుశ్రీ. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

హాల్లో ఓ మూల చెక్క అల్మారా లాంటి చిన్న మందిరం, అందులో మసావో గారి ఫోటో ఉన్నాయి. రోజూ పొద్దున్నే కుక్కర్ మూత తియ్యగానే మొట్టమొదటి అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి, ఆయన ముందుంచి, గంట కొట్టి, చేతులు జోడిస్తారు కజుకో గారు. ఇదీ భానుశ్రీకి నచ్చింది. రెండో వారంలో మాత్రం ఆవిడ, “బయట తిండి తినకు, నేను లంచ్ కట్టిస్తాను” అన్నారు. వద్దనడం భానుశ్రీకి రాదు కదా, సరే అంది. మర్నాడు పొద్దున వంటగదిలో ఆవిడ వెనక నిలబడి చూసింది. ఆవిడ మందిరంలోంచి గిన్నె దించి, ఆ అన్నాన్ని మిగతా అన్నంలో కలిపారు. చేతులు తడి చేసుకుని, ఉప్పు రాసుకుని, గట్టిగా నొక్కి ముద్దలు చేశారు. మూడు ముద్దలు. వాటి మీద నల్ల నువ్వులు చల్లారు.

తెలుగువాళ్ళకి ఇక విడమర్చి చెప్పక్కర్లేదు.

భానుశ్రీకి పదేళ్ళప్పుడు శేషగిరి తాతయ్య పోయాడు. ఆడపిల్లలు రాకూడదంటున్నా వినకుండా, పదో రోజున నాన్న వేలు పట్టుకుని గోదావరి గట్టుకి వెళ్ళింది. నువ్వులు కలిపిన ముద్దలు పెట్టి అందరూ చేతులు కట్టుకుని నిలబడితే ఒక్క కాకీ వాలలేదు. తాతయ్యకి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. ఇల్లు పంచుకోం అన్నాడు పెదనాన్న. నాయనమ్మని బాగా చూసుకుంటాం అన్నాడు నాన్న. కాకి రాలేదు. చివరికి బాబాయి, “నీ సైకిల్ ఎవరికీ అమ్మం నాన్నా!” అని అరిచాడు. అంతే, రెక్కల చప్పుడైంది. ఆ సైకిల్ తుప్పు పట్టి ఇప్పటికీ వాళ్ళ వరండాలోనే ఉంది.

అలాంటి పిల్లకి, పోయినవాళ్ళకి పెట్టిన అన్నం, అదే ఆకారంలో, అవే నువ్వులతో, డబ్బాలో సర్ది రుమాలు కట్టి ఇస్తే ఎలా ఉంటుంది? అయినా “థాంక్యూ” అంది, ఇంకేమీ అనలేక.

లైబ్రరీ వెనక ఒక బెంచీ, దాని ముందు పొట్టి ఇటుక గోడ ఉన్నాయి. అన్నాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ముద్దలు గోడ మీద పెట్టింది. ఇక్కడి కాకులకి మెడ మీద బూడిదరంగు ఉండదు, ఒళ్ళంతా నలుపే. ఆచారం మాత్రం వాటికీ తెలిసినట్టుంది, క్షణంలో వాలాయి. భానుశ్రీ మొహం తిప్పేసుకుని చిప్స్ ప్యాకెట్ చింపుకుంది. సాయంత్రం ఖాళీ డబ్బా చూసి “బావుందా?” అని కజుకో గారు అడిగితే, “చాలా బావుంది” అంది. పిల్లకి నచ్చిందన్న సంతోషంలో ఆవిడ మర్నాటి నుంచి నాలుగో ముద్ద చేర్చారు. ఇలా రెండు నెలలు గడిచాయి. కాకులు బలిశాయి, భానుశ్రీ చిక్కింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం గోడ మీద ముద్దలు పెట్టి, ఇటు తిరిగేసరికి కజుకో గారు నిలబడి ఉన్నారు. పొద్దున భానుశ్రీ వంటగదిలో మర్చిపోయిన ఐడీ కార్డు ఆవిడ చేతిలో ఉంది. మధ్యాహ్నం పరీక్షకి కార్డు కావాలని ఆవిడకి తెలుసు. లైబ్రరీ వెనక బెంచీ మీద కూర్చుని తింటానని చెప్పిందీ ఈ పిల్లే. గోడ మీద మూడు కాకులు ఆ ముద్దల కోసం కొట్టుకుంటున్నాయి. కజుకో గారు వాటిని చూశారు, చిప్స్ ప్యాకెట్‌ని చూశారు. కార్డు రెండు చేతులతో అందించి, కొద్దిగా తల వంచి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బావుండేది.

బుధవారం డబ్బాకి బదులు కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ ఉంది. భానుశ్రీ గుమ్మంలో నిలబడి “ఇత్తెకిమాస్” అంది. కజుకో గారు సింక్ దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండా “బై బై” అన్నారు. ఆ రెండు ముక్కలు రోజంతా భానుశ్రీ చెవుల్లో గుచ్చుకున్నాయి.

గురువారం సాయంత్రం ఆవిడ టీ పోసి ఎదురుగా కూర్చున్నారు. “నేను యూనివర్సిటీ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. నువ్వు ఇండియన్ ఇంట్లో ఉంటే సుఖంగా ఉంటావు. నీ ఇబ్బంది నేను చూసుకోలేదు. తప్పు నాది.”

గదిలోకి వెళ్ళి భానుశ్రీ శశికళ ఆంటీకి ఫోన్ చేసి మొత్తం చెప్పింది.

“ఏంటే, పోయినాయనకి పెట్టిన అన్నం నీకు లంచ్‌కి కడుతోందా? ఇన్నాళ్ళూ చెప్పవేంటే నువ్వు! మా అత్తయ్యావాళ్ళు నిన్ననే ఫ్లయిట్ ఎక్కారు, రూమ్ ఖాళీగానే ఉంది. శనివారం నేనే వచ్చి పికప్ చేస్తా, ప్యాకింగ్ చేసుకుని రెడీగా ఉండు.”

“సరే ఆంటీ” అంది భానుశ్రీ, అలవాటుగా. ఫోన్ పెట్టేశాక తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఆంటీ ఇంట్లో పప్పు ఉంటుంది, పెరుగుంటుంది, తెలుగుంటుంది. కానీ తను తిరిగి రావాలని రోజూ గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి ఈ ఇంట్లోనే ఉంది. ఆ మనిషి మనసే తను కాకులకి వేసింది.

శుక్రవారం పొద్దున కజుకో గారు మందిరం ముందు నుంచి లేచేదాకా ఆగి, ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“నేను వెళ్ళను” అంది. పుట్టి ఇరవై మూడేళ్ళయ్యాక ఆ పిల్ల నోట వచ్చిన మొదటి కాదనే మాట అది. అందుకే కాస్త గట్టిగా కూడా వచ్చింది. తరవాత అన్నీ చెప్పింది. గోదావరి గట్టు, తాతయ్య, నువ్వులు, ముద్దలు. “అది మా దగ్గర పోయినవాళ్ళ అన్నం, కజుకో సాన్. తినలేకపోయాను. మీకు చెప్పలేకపోయాను. మీరు బాధపడతారని అబద్ధం చెప్పాను, చివరికి ఇంకా బాధపెట్టాను.”

“మాకు ఆయన ముందు పెట్టి తీసింది పంచుకుని తినడం మంచిది. ఆయనా మనతో తిన్నట్టు” అన్నారు కజుకో గారు నెమ్మదిగా. తరవాత ఏదో తట్టినట్టు తలెత్తారు. “కాకి తింటే ఏమిటని చెప్పావు?”

“పోయినవాళ్ళకి తృప్తి అని. ఏ కోరికా మిగల్లేదని.”

“రోజూ తిన్నాయా?”

“రోజూ. నేను ఇటు తిరిగేలోపు.”

ఆవిడ ఫోటో వైపు తిరిగారు. “ఆయన పోయినప్పుడు నేను పక్కన లేను, బాను. హాస్పిటల్లో కింద సూప్ తాగుతున్నాను. ఆ పొద్దున్నే ఆయన నవ్వుతూ అన్నారు, ‘ఇక నువ్వు ఒక్కదానివే తినాలేమో’ అని. నేను ఊరుకోండి అన్నాను, అంతే. ఏ మనసుతో పోయారో నాకు తెలీదు.” ఇటు తిరిగి అడిగారు. “రేపు నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తావా?”

శనివారం పొద్దున ఇద్దరూ వెళ్ళారు. కజుకో గారు మంచి కోటు వేసుకున్నారు, పెళ్ళికి వెళ్తున్నట్టు. నాలుగు ముద్దల్లో ఒకటి తీసి రెండు చేతులతో గోడ మీద పెట్టి, పక్కకి వచ్చి నిలబడ్డారు.

కాకి రాలేదు.

శనివారం లైబ్రరీ చుట్టూ పిల్లలుండరు, తిండి దొరకదు, కాకులకి మాత్రం ఇక్కడేం పని? ఈ సంగతి భానుశ్రీకి ముందే తట్టాల్సింది. పావుగంటయింది. అరగంటయింది. దూరంగా పైన్ చెట్టు చిటారున ఒకటి కూర్చుని ఉంది గానీ దిగటం లేదు. కజుకో గారు దాన్నే చూస్తున్నారు, పెదాలు బిగించి. భానుశ్రీ నాలుక కరుచుకుంది. ఎందుకు చెప్పాను ఆ కాకి సంగతి? తెలియక నిమ్మళంగా ఉన్న మనిషికి, మీ ఆయనకి తృప్తి లేదని తీసుకొచ్చి చూపించినట్టయింది కదా!

“సరే, పద” అన్నారు కజుకో గారు సన్నగా. “నేనున్నానని రావడం లేదేమో.”

“ఒక్క నిమిషం” అంది భానుశ్రీ. బాబాయి సైకిల్ గుర్తొచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు రావు, అందుకని తెలుగులోనే మొదలుపెట్టింది.

“మసావో గారూ, మీ భాగం కలిపిన అన్నం నేను రెండు నెలలు పారేశాను, తప్పయిపోయింది. ఆవిడ ఒక్కరే తింటారని కదూ మీ దిగులు? తిననివ్వను. ఇక్కడున్నన్నాళ్ళూ ఆవిడతో కలిసే తింటాను. ఒట్టు.”

ఒట్టుకి సాక్ష్యం కావాలి. డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకుంది. నువ్వులు కనబడకుండా కళ్ళు మూసుకుని పెద్దగా కొరికింది. లోపల ఏదో మెత్తగా తగిలింది. పులుపు, ఉప్పు ఒక్కసారి నాలుక్కి కొట్టి చెవుల దాకా జివ్వుమంది. అచ్చం ఉప్పులో ఊరిన ఉసిరికాయ రుచి. అంటే ఈవిడ రోజూ ముద్ద మధ్యలో ఊరగాయ పెట్టి ఇచ్చేవారా! ఇంట్లో అమ్మ పెరుగన్నం ముద్ద చేసి, నడుమ ఊరగాయ బద్ద పెట్టి నోటికందించేది. అదే పని ఈవిడా చేస్తుంటే, తను నువ్వులు చూసి ఆగిపోయింది గానీ లోపలేముందో చూడనే లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొన్ని పులుపు వల్ల, ఎక్కువ సిగ్గు వల్ల.

ఇంకా నములుతుండగానే రెక్కల చప్పుడైంది.

కాకి గోడ మీద వాలి, తల ఓ పక్కకి వంచి ఇద్దర్నీ చూసి, ముద్దని పొడిచింది. కజుకో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. జపాన్ భాషలో ఏదో అన్నారు, భానుశ్రీతో కాదు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. కాకి ముద్ద పూర్తి చేసి, ఎర్రటి ఊరగాయ ముక్కని మాత్రం గోడ మీద వదిలేసి ఎగిరిపోయింది.

“ఆయనా అంతే” అన్నారు కజుకో గారు, ఏడుస్తూనే నవ్వి. “ఊరగాయ తినేవారు కాదు.” కాసేపటికి కళ్ళు తుడుచుకుని, “ఆయనకి ఏం చెప్పావు?” అని అడిగారు.

“మీతో కలిసి తింటానని.”

ఆవిడ భానుశ్రీని తేరిపార చూశారు. తరవాత బెంచీ మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి చోటు చూపించి, డబ్బా మధ్యలో పెట్టారు. “అయితే తిను. ఇంకా రెండున్నాయి. చెరొకటి.”

సంచీలో ఫోన్ మోగింది. శశికళ ఆంటీ, సామాన్ల కోసం బయల్దేరి ఉంటుంది. వద్దని చెప్పాలి. చెబుతుంది కూడా, ఇప్పుడు చెప్పడం వచ్చు. కానీ ఈ క్షణాన నోరు ఖాళీగా లేదు.