బొత్తాలమ్మ నీడ

పొద్దున్నే కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని బొత్తాలమ్మ స్కూలు యూనిఫారాలకు కాజాలు కుడుతూ కూర్చుంటే, ఎదురు గోడ మీద ఆమె నీడ కూడా కుడుతూ కూర్చునేది. కొడుకు స్నానం చేసొచ్చి, మేకుకు తగిలించిన కారు తాళాల కోసం చెయ్యెత్తేవాడు. అంతే, నీడ సూదీ దారం వదిలేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మూలకు ముడుచుకుపోయేది. బొత్తాలమ్మ మాత్రం కుర్చీలో కదిలేది కాదు. బెదరకుండా ఉండటం తను నేర్చుకుంది గానీ, నీడకు నేర్పడం ఆమె వల్ల కాలేదు.

ఆ వీధిలో అదేం వింత కాదు. ఎదురింటి పాలావిడ నీడ అయితే మొగుడు దగ్గితే చాలు, తలుపు వెనక్కి దూరిపోతుంది. ఎవరికైనా జాకెట్టు చిరిగితే మర్యాదస్థులు తల తిప్పుకున్నట్టే, అలాంటి నీడలు కనిపిస్తే అందరూ తల తిప్పుకునేవాళ్లు.

కొడుకు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. క్లచ్చు వదలడం రాక కారును కప్పలా గెంతించేవాళ్లకు కూడా, "కంగారేం లేదండీ, మళ్లీ మొదలెడదాం" అని నెమ్మదిగా చెప్పేవాడు. ఆడవాళ్లంతా ఏరికోరి అతని దగ్గరికే వచ్చేవారు. ఆ ఓర్పంతా రోడ్డు మీదే ఖర్చయిపోయేదేమో, ఇంటికొచ్చేసరికి చిటికెడు కూడా మిగిలేది కాదు.

పెళ్లయితే వాడే దారిలో పడతాడని బొత్తాలమ్మ తనే సంబంధం వెతికింది. తనకు షుగరు ఉందేమోనని రక్తపరీక్షకు పోతే, సూది గుచ్చింది కూడా తెలియకుండా రక్తం తీసిన అమ్మాయి నచ్చింది. నీడ కూడా నిటారుగా, చేవగా ఉంది. ఆ అమ్మాయే కోడలైంది. ఏడాది తిరక్కుండానే కోడలి నీడ నెత్తిన చేతులు పెట్టుకోవడం నేర్చింది. అదే ఏడాది బొత్తాలమ్మ నీడ వెన్ను నిలబెట్టి కూర్చుంది. బొత్తాలమ్మ రెండూ చూసింది. చూసి, కళ్లు సూది మీదికి దించుకుంది. ఎవరితోనూ అనలేదు గానీ, కోడలు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

ఒక రోజు కోడలు పనికని వెళ్లి మళ్లీ రాలేదు. వాళ్లమ్మ ఇంటికి చేరి, కోర్టులో కేసు వేసింది. అతను తన జోలికి రాకుండా ఉత్తర్వు కావాలంది. కోర్టు ఆవరణలో జిరాక్సు కొట్టుకీ మరుగుదొడ్లకీ మధ్య ఇరుకుగది ఒకటుంది. గుమ్మం మీద 'ఉచిత న్యాయ సహాయం' అని బోర్డు. లోపల, కాగితాల దుమ్ముకు ఎప్పుడూ తుమ్ముతూ ఉండే లాయరమ్మ.

"ఊరికే వచ్చే లాయరు ఊరికే పోతుంది," అని నవ్వాడు కొడుకు. "నువ్వు చెప్పాల్సింది ఒక్క ముక్కేనమ్మా. నేను చెయ్యెత్తడం నువ్వెప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్పావంటే నీ కోడలు నీ ఇంటికొస్తుంది."

కోడలు వెళ్లిన వారానికే ఆ చెయ్యి పాత దారి పట్టింది. కోడలు వస్తే ఏమవుతుందో బొత్తాలమ్మకు తెలుసు. అందుకే సరేనంది.

బోనెక్కి ఆ ముక్క చెప్పేసింది కూడా. గొంతు ఎక్కడా తడబడలేదు. కొడుకు లాయరు తృప్తిగా కూర్చున్నాడు. లాయరమ్మ లేచి, తుమ్మి, ముక్కు తుడుచుకుంది.

"మీ అబ్బాయికి కోపం వస్తుందా అమ్మా?"

"రానివాళ్లెవరమ్మా? మీకు రాదా?"

జనం నవ్వారు. కొడుకూ నవ్వి, నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు.

కోడలి నీడ గోడ మీద ముడుచుకుంది. జడ్జిగారు చూసి, ఫైలులోకి చూపు తిప్పుకున్నారు. ఆయన రోజూ చూసే నీడలే అవి. కానీ బోను పక్క గోడ మీద ఇంకో నీడ చతికిలబడి, మోకాళ్లలో తల దాచుకుని, దాని మీద చేతులు కప్పుకుంది. బోనులో బొత్తాలమ్మ మాత్రం కర్రలా నిలబడే ఉంది.

"నీడలు సాక్ష్యం కావు," అంటూ కొడుకు లాయరు గబుక్కున లేచాడు.

"కావు. రాసుకోవద్దు," అన్నారు జడ్జిగారు గుమాస్తాతో.

"నేను నీడను అడగట్లేదండీ," అంది లాయరమ్మ. "అమ్మా, మీ ఆయన ఎప్పుడు పోయారు?"

"వాడు నడక నేర్చిన ఏడు."

"కొట్టేవారా?"

"ఆయనా? పల్లెత్తు మాట అనలేదు. దేవుడు."

"మరి మీ నీడ ఎవరి చేతికి భయపడుతోంది?"

కొడుకు ఆమెవైపే చూస్తున్నాడు. బొత్తాలమ్మ వాడిని చూడలేదు, కోడలిని చూసింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని, తన నీడను మర్చిపోయి, అత్త నీడ వంకే చూస్తోంది. ఇన్నాళ్లూ తనొక్కతే అనుకుందేమో.

"వీడి చేతికే," అంది బొత్తాలమ్మ. "కోడల్నీ కొట్టాడు. నేను పక్క గదిలో కుట్టుకుంటూ కూర్చున్నాను."

కోడలికి ఉత్తర్వు వచ్చింది. వరండాలో బొత్తాలమ్మ ఆమెకు ఎదురుపడింది.

"నా పెళ్లిచూపులకు వచ్చిన రోజే మీకు తెలుసు కదా అత్తయ్యా?"

"తెలుసు."

"తెలిసే తెచ్చుకున్నారు."

"అవునమ్మా."

ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

బయట కొడుకు కారు హారన్ కొడుతున్నాడు. ఒకసారి కొట్టి, ఆగి, మళ్లీ ఒకసారి. ఎంతో ఓర్పుగా. బొత్తాలమ్మ గేటుదాకా నడిచింది. అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, జిరాక్సు కొట్టు దాటి ఆ ఇరుకుగదిలోకి వచ్చింది.

"మా ఇంటికి పోలేనమ్మా."

"ఇల్లెవరిది?"

"మా ఆయన నా పేరు మీదే కొన్నాడు."

"అయితే పోవాల్సింది మీరు కాదు." లాయరమ్మ కుర్చీ చూపించి, తెల్లకాగితం ముందుకు లాక్కుంది. "కేసు ఎవరి మీద పెట్టమంటారు?"

"నా కొడుకు మీద," అంది బొత్తాలమ్మ. "ఒక్కడే. ఇంకెవరూ లేరు నాకు."

"మొదటిసారి ఎప్పుడు కొట్టాడో అక్కణ్నుంచి చెప్పండి. తొందరేం లేదు."

"పదో క్లాసు తప్పినప్పుడు," అని మొదలుపెట్టింది బొత్తాలమ్మ. "అన్నం తినకుండా పడుకున్నాడు. పోనీలే నాన్నా, లేచి తిను అన్నాను. అంతేనమ్మా నేనన్నది."