అధికారి చొక్కాలో పాట

పొద్దున్నే లాండ్రీ తలుపు తీయగానే అక్క చేసే మొదటి పని బట్టల్లోంచి పాటలు పిండేయడం. దగ్గరలో ఎవరు పాడినా ఆ పాట బట్టకి పట్టేస్తుంది, తడిస్తే బయటికొస్తుంది. బాగా పిండి ఆ నీళ్లు పారబోయాలి. లేదంటే వానలో మనిషి పరువు వీధిన పడుతుంది. తాగుబోతుల పాటలైతే ఓ పట్టాన వదలవు.

ఏడాదిగా ఏ మూట తడిపినా ఒకటే పాట. ఆ పాట కట్టింది ఆమె తమ్ముడే. గొంతు చూసి వాడికి బొంగురు అని పేరు పెట్టారు. కొత్త వంతెన కూలి జనం పోయినప్పుడు, దాన్ని కట్టించిన మంత్రి మీద పాడాడు:

"వంతెన కింద మా వాళ్లున్నారు, వంతెన మీద నీ పేరుంది."

మంత్రికి ఒళ్లు మండింది. బొంగురుని పట్టుకుపోయారు. "ఎప్పుడో వదిలేశాం. ఎటు పోయాడో మాకేం తెలుసు?" అన్నాడు పోలీసు అధికారి. అమ్మ ఆ మాట నమ్మి ఎదురుచూస్తోంది.

ఓ రోజు ఆ అధికారి చొక్కా లాండ్రీకొచ్చింది. నీళ్లలో ముంచగానే తమ్ముడి గొంతు.

"వంతెన కింద మా వాళ్లున్నారు, వంతెన..."

అంతే. అక్క మళ్లీ ముంచింది. మళ్లీ అక్కడే తెగింది. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ మాట మింగేసే రకం కాదు వాడు. తమ్ముడు ఇక లేడు.

"అలా ఉన్నావేమే?" అంది ఇంట్లో అమ్మ.

"తలనొప్పమ్మా."

"వాడొచ్చాక నీకు కాస్త సాయంగా ఉంటాడులే."



ఆ చొక్కాని అక్క పిండలేదు. తనకేమవుతుందో తెలియక కాదు. పిండితే తమ్ముడి ఆఖరి గొంతు మురిక్కాలవలో కలిసిపోతుంది. అందుకే అలాగే ఆరబెట్టి ఇస్త్రీ చేసి పంపేసింది.

వంతెన మళ్లీ కట్టి, ప్రారంభోత్సవానికి జనాన్ని బలవంతాన తోలుకొచ్చారు. కొడుకు కనిపిస్తాడేమోనని అమ్మ తనంతట తనే వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఎండ మండిపోతోంది. మంత్రి పక్కన నిటారుగా నిలబడ్డ అధికారి చెమటతో తడిసి ముద్దయ్యాడు. చొక్కా పాడింది.

"వంతెన కింద మా వాళ్లున్నారు, వంతెన..."

అధికారి గాభరాగా గుండీలు లాక్కుంటున్నాడు. జనం ఓ క్షణం బిక్కచచ్చిపోయి, తర్వాత మిగతా పాట అందుకున్నారు. మంత్రి చేతిలో కత్తెర రిబ్బను దాకా వెళ్లలేదు.

అమ్మ మాత్రం పాడలేదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నీకు ముందే తెలుసు కదూ?"

అక్క ఏడుస్తూ తలూపింది.

"పద. నా బిడ్డని ఎక్కడ పూడ్చాడో అడుగుతాను" అని అమ్మ ఆ చొక్కా వైపు నడిచింది. జనం పాడుతూనే ఆమెకి దారిచ్చారు.