సగం కోతలో ఆగిన రంపం

శ్రీరంగం తాడు చుట్టి పదకొండోసారి లాగాడు. ఇంజను ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుంది.

"బావా," దిగువ నుంచి లక్మా గొంతు వచ్చింది. "అది నాకన్న మొండిది. జర బతిమాలు."

నవ్వుతూనే అన్నాడు గానీ చివర్లో మూలిగాడు. అతని కుడికాలు మోకాలి నుంచి కిందికి మాను కింద ఉంది. మనిషి నడుమెత్తు లావున్న టేకు మాను. ఒక బండరాయి సగం బరువు మోస్తోంది కాబట్టి కాలు ఇంకా కాలుగానే ఉంది. కానీ మాను పడింది వాలులో. దాని తల కొమ్మలతో సహా లోయ మీదికి వేలాడుతోంది. ఆ బరువుకి ఉండుండి కిర్రుమని ఒక వేలు మందం కిందికి జరుగుతోంది. ఇంకో నాలుగు వేళ్లు జరిగితే బండ దాటుతుంది. బండ దాటితే కాలు ఒక్కటే కాదు, మనిషి మొత్తం దాని కిందకి పోతాడు.

తలను కోసి లోయలోకి వదిలేస్తే మొదలు నిలుస్తుంది. కోయాల్సింది ఈ రంపమే. అది కదలనంటోంది.

చేతి రంపంతో కోద్దామని చూశారు. కోస అనే ముసలి కూలీ ఒక కొస పట్టుకున్నాడు. ఇటు లాగి అటు లాగగానే మాను ఊగింది, లక్మా కేక పెట్టాడు, మాను జరిగింది. కోస ఆ రంపం పారేసి, బండ పక్కన మోకరిల్లి, మాను కింద చెక్కలు దిగ్గొట్టడం మొదలుపెట్టాడు. దుంగలు లాగే ఏనుగు భోపాల్‌పట్నం రేవుకి పోయింది. సాయంత్రం దాకా రాదు.

అరగంట క్రితం వరకూ అంతా మామూలే. ఇంజను రంపాన్ని ఇద్దరు పట్టాలి. ఇంజను వైపు శ్రీరంగం, కొస పిడి దగ్గర లక్మా. చెట్టు మొదట్లో సగం కోత పడ్డాక ఇంజను గుక్కపట్టి ఆగింది. పళ్ల గొలుసు తిరిగే ఇనుప పట్టీని కోతలోంచి బయటికి లాగి, శ్రీరంగం వంగి ప్లగ్గు చూస్తున్నాడు. పైన పటపటమంది. చెట్టు అనుకున్న వైపు వదిలేసి వాళ్ల మీదికే వచ్చింది. రెండు చేతులు తన వీపు మీద పడటం, తాను పొదలో పడటం, అంతే శ్రీరంగానికి గుర్తుంది. ఆ చేతులు లక్మావి. అతన్ని తోసిన లక్మాకి తాను తప్పుకునే వ్యవధి దొరకలేదు.

"మిషిను పాడు చేసింది ఎవడో నాకు తెల్సు," అన్నాడు మున్షీ ఆదినారాయణ. అడవి కోతను గుత్తకు తీసుకున్న ఠేకేదారు రాజధానిలో ఉంటాడు. అడవిలో ఆయన కళ్లూ నోరూ ఈ మున్షీయే. "యుద్ధంల తిరిగిన మిషిను. వేలంల కొని మూడు నెల్లు కాలే. నిన్నటిదాక గుర్రం లెక్క ఉరికింది. రాత్రికి రాత్రి సచ్చిపోతదా? ఇగో, ఈ ముసలోడు! ఆ రాకాసి రంపం పళ్లు రాలిపోవాలె అని అనలేదా వీడు?"

కోస తల తిప్పలేదు. "అవ్, అన్న. మల్ల గూడ అంట. నువ్వు గా సుత్తి ఇటు అందియ్, మున్షీ."

ముప్పై ఏళ్లు చేతి రంపం లాగిన మనిషి కోస. ఈ మిషను వచ్చాక కొమ్మలు నరికే పనికి దిగాడు. కోపం ఉండదా! మున్షీ సుత్తి అందిస్తూనే తిట్టాడు.

"చెల్లె," శ్రీరంగం పిలిచాడు. "బావ దగ్గర కూసో. మాట్లాడిస్తనే ఉండు. కండ్లు మూయనియ్యకు."

లక్మా భార్య గంగే అప్పటికే అతని తల ఒళ్లో పెట్టుకుని ఉంది. శిబిరానికి వంట చేసేది ఆమే. శ్రీరంగం ఇక్కడికి వచ్చిన కొత్తలో జ్వరంతో పడిపోతే పది రోజులు జావ పోసి నిలబెట్టింది. ఆ పదకొండో రోజు నుంచి ఆమె చెల్లె, లక్మా బావ.

"మాట్లాడు," అంది గంగే భర్తతో.

"ఏం మాట్లాడాలె? రోజూ నోరు మూసుకో అంటవు గద."

"ఇయాల మూసుకోకు."

శ్రీరంగం ఇంజను మీద వంగాడు. అస్సాంలో పటాలం వర్క్‌షాపులో నేర్చుకున్న మొదటి పాఠం ఒక్కటే. ఇంజనుకి కావలసినవి రెండు, నిప్పూ పెట్రోలూ. ముందు నిప్పు చూడాలి. ప్లగ్గు విప్పి, తీగ తగిలించే ఉంచి, సిలిండరు రెక్కల మీద ఆనించి తాడు లాగాడు. ప్లగ్గు కొనలో చుక్క వెలుగు లేదు. ఇంకోసారి లాగాడు. లేదు.

చక్రం మూత విప్పాడు. లోపల మాగ్నెటో. బ్యాటరీ లేకుండా, చక్రంలోని అయస్కాంతం తిరుగుతుంటే నిప్పు పుట్టించే తీగచుట్ట అది. దాని పక్కన రెండు చిన్న పాయింట్లు. ప్రతి చుట్టుకీ అవి తెరుచుకోవాలి, మూసుకోవాలి. తెరుచుకున్న ప్రతిసారీ ఒక మెరుపు. ఆ పాయింట్ల మధ్య ఏదో పొర పట్టింది. ఇరుసు పక్క వాషరు అరిగిపోయి, లోపలి తడి ఇక్కడికి చిమ్ముతోందని అతనికి తెలుసు. తెలిసీ కొత్తది దొరక్క నెట్టుకొస్తున్నాడు. అయితే ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది.

ఆలోచించే వేళ కాదు. పెట్రోల్లో ముంచిన గుడ్డతో తుడిచాడు. అగ్గిపెట్టె పక్క ముక్క చింపి, పాయింట్ల మధ్య దూర్చి నాలుగుసార్లు రుద్దాడు. లోహం మెరిసింది. జేబులోంచి పల్చటి కొలత రేకు తీసి సందు సరిచూశాడు. సందు తప్పింది. మళ్లీ చూశాడు.

మాను కిర్రుమంది.

"ఒక ఏలు," అన్నాడు కోస. "ఇంక మూడున్నయ్."

తాడు లాగాడు. ప్లగ్గు కొనలో నీలి మెరుపు టక్కున పేలింది. చుట్టూ ఉన్న పదిమంది కూలీలూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

ప్లగ్గు బిగించి లాగాడు. ఒకటి. రెండు. మూడు. ఇంజను తుమ్మను కూడా లేదు.

"నిప్పొచ్చింది గద!" మున్షీ అరిచాడు.

"తినేందుకు ఏం లేదు దానికి." ప్లగ్గు మళ్లీ విప్పి చూశాడు శ్రీరంగం. ఎండు పుల్లలా పొడిగా ఉంది. పెట్రోలు లోపలికి రావడం లేదు. టాంకీ నిండుగా ఉంది. కార్బురేటర్ గిన్నె విప్పి, జెట్టు అనే ఇత్తడి మరను బయటికి తీసి వెలుగుకు పట్టాడు. మధ్యలో సూది దూరేంత కన్నం ఉండాలి. ఆ కన్నం కనిపించలేదు. ఆవగింజంత తెల్లటి ముద్ద దాన్ని మూసేసింది.

గోటితో తీసి రెండు వేళ్ల మధ్య పెట్టాడు. వేళ్ల వేడికే అది కరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు, వాసన తనే వచ్చింది.

ఇప్పనూనె.

బస్తరు మొత్తంలో అది లేని ఇల్లు లేదు. దీపానికి అదే, కూరకి అదే, పగిలిన మడమలకి అదే. ఎండాకాలం నీళ్లలా ఉంటుంది, చలికి నెయ్యిలా పేరుకుంటుంది. పెట్రోల్లో కలపాల్సిన ఇంజన్ ఆయిలుకి బదులు ఎవరో దాన్ని కలిపారు. పగటి వేడికి ఇన్నాళ్లూ గడిచిపోయింది. నిన్న రాత్రి పుష్యమాసపు చలి గట్టిగా దిగింది. టాంకీ అడుగునా, గిన్నెలోనా పేరుకున్న కొవ్వు ఇవాళ కదిలొచ్చి జెట్టు గొంతు పట్టుకుంది. పాయింట్ల మీది తెల్లపొరా అదే.

మున్షీ ఇంజన్ ఆయిల్ డబ్బా మూత తీసి మూతి విరిచాడు. "ఇందులో గడ్డకట్టి ఉన్నది! చూసిన్రా? కావాల్నని కలిపిండు. ఇది ఖూనీ ఎత్తుగడ. కోసా, నిన్ను ఠాణాకి పంపకపోతే నేను ఆదినారాయణనే కాదు!"

శ్రీరంగం ఆ మాటలు సగమే విన్నాడు. నెల రోజులుగా ఇంజను పొగలో బూరెల మూకుడు వాసన వచ్చేది. గాలి వంటశాల నుంచి వస్తోందనుకున్నాడు. పటాలం నుంచి వెంట తెచ్చుకున్న దగ్గు కూడా ఈ నెల్లో తగ్గింది. అడవి గాలి పడిందనుకున్నాడు. అతను తల ఎత్తాడు. గంగే అతని అరచేతిలోని జెట్టు వైపే చూస్తోంది. ఆమె ముఖంలో రక్తం లేదు.

అర్థమైంది. అర్థమైనట్టు కనబడనివ్వలేదు.

"చెల్లె, నీళ్లు మసలుతున్నయా?"

"మసలుతున్నయ్," అంది గంగే.

"కుండతో తే. పొయ్యిల నిప్పులు కూడ. నిప్పులు గా రాయి దగ్గర్నే ఉంచు. ఇటు తేకు, అందరం కాలిపోతం."

ఆమె పరుగెత్తింది. కొత్త నూనె లేదు, వేరే పెట్రోలూ లేదు. ఉన్నదాన్నే వేడిచేసి తాగించాలి. టాంకీ చుట్టూ వేడినీళ్ల గోనెలు కప్పించాడు. జెట్టును మసలే నీళ్లలో ముంచి, నోటితో ఊది, వెలుగుకు పట్టాడు. కన్నంలోంచి ఆకాశం సూదిమొనంత కనబడింది. ప్లగ్గును దూరంగా నిప్పుల మీద ఎర్రబడే దాకా కాల్చి, పట్టకారుతో తెచ్చి బిగించాడు. కార్బురేటర్ మీద చెంబెడు వేడినీళ్లు పోసి తాడు చుట్టాడు.

"రెండున్నయ్," అన్నాడు కోస.

"బావా," లక్మా పిలిచాడు. గొంతు బాగా సన్నబడింది. "రాకపోతే పోనీ. గంగేకి జర..."

"నోరు మూసుకో!" అంది గంగే. వెంటనే నాలిక కరుచుకుంది. "లేదు. మాట్లాడు."

శ్రీరంగం లాగాడు. ఇంజను దగ్గింది. మళ్లీ లాగాడు. దగ్గు మీద దగ్గు, ఆ దగ్గులు ఒకదానికొకటి అతుక్కుని, అడవంతా దద్దరిల్లేలా రంపం గర్జించింది. తెల్లటి పొగ ఒక్కసారిగా ఎగిసింది. పండగ పూట ఇంటి వాసన.

"కొస ఎవరు పడ్తరు?" అరిచాడు శ్రీరంగం. లక్మా పట్టే పిడి అది.

ఎవరూ కదలలేదు. ఆ రంపాన్ని ముట్టుకున్నవాళ్లు వాళ్లలో లేరు. కోస సుత్తి పక్కవాడి చేతిలో పెట్టి లేచాడు. "ఏందిరా చూస్తరు? చెక్కలు వదలకున్రి." వచ్చి కొస పిడి పట్టుకున్నాడు. "పైనుంచి కాదు మిస్త్రీ, మాను నిలువునా చీలుతది. కింద నుంచి ఎత్తు. మూడో వంతు కోసినంక పైకి రా."

మిషను కొత్తదే గానీ చెట్టు అతనికి పాతదే. శ్రీరంగం చెప్పినట్టే చేశాడు. కింద నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. రంపపు పొట్టు కోస గడ్డం నిండా పడింది. ఇంజను ఒకసారి తడబడింది. గంగే అడక్కుండానే వేడినీళ్ల గోనె మార్చింది. మళ్లీ పుంజుకుంది. పట్టీ చివరి జానెడు దిగుతుండగా మాను నిట్టూర్చింది. తల తెగి, కొమ్మలు విరుచుకుంటూ లోయలోకి పోయింది.

మొదలు నిలిచింది. చెక్కలు పట్టాయి.

ఆరుగురు వాసాలు దూర్చి రెండు వేళ్లు ఎత్తారు. గంగే భర్త చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజింది. కాలు బయటికొచ్చింది. పిక్క దగ్గర ఎముక విరిగింది, వాపు కుండలా ఉంది.

"కాలి ఏళ్లు కదుపు," అన్నాడు శ్రీరంగం.

బొటనవేలు కదిలింది. తర్వాత మిగతావి.

శ్రీరంగం అక్కడే చతికిలబడ్డాడు. ఇంజను ఆపాలన్న సంగతి కూడా మరిచిపోయాడు. కోస ఆపమని సైగ చేస్తే ఆపాడు.

గంగే వెదురు బద్దలు పెట్టి కట్టు కడుతుండగా మున్షీ మళ్లీ మొదలుపెట్టాడు. "కాలు దక్కింది, మంచిదే. కానీ రిపోర్టు రాయాలె. ఒక మనిషి సచ్చేటోడు. పేరు కావాలె నాకు. కోసా, నడు."

"ఎవరూ కాదు," అన్నాడు శ్రీరంగం. "చలి."

"చలి వచ్చి డబ్బాల నూనె పోసిందా?"

"నేను పోసిన," అన్నాడు లక్మా, పడుకునే.

"నువ్వా? నీ మీదికి నువ్వే చెట్టు తెచ్చుకున్నవా?"

"తెచ్చుకున్న. నా ఇష్టం."

"ఎంత పోసినవ్?"

లక్మా తడుముకున్నాడు. "చారెడు."

"చారెడు కాదు," అంది గంగే. కట్టు ముడి వేసి, గట్టిగా ఉందో లేదో చూసి, అప్పుడు లేచి నిలబడింది. "సోలెడు. సంత సంతకీ సోలెడు. ఆ నల్ల నూనె పొగకి మా అన్న రాత్రంతా దగ్గుతుండె. ఒకనాడు తుడుచుకున్న గుడ్డల నెత్తురు చూసిన. మా ఇంట్ల దీపం పొగకి ఎవరూ దగ్గరు. అందుకే డబ్బాల నూనె మార్చిన. నల్ల నూనె వాగు ఒడ్డున పారబోసిన. అన్నకు చెప్తే మిషిను అంటడు, రూలు అంటడు, వద్దంటడు. చెప్పలే." ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు. "చలికి అది గడ్డకడ్తదని పుట్టినప్పటి సంది తెల్సు నాకు. ఇనుపదాని కడుపుల కూడ కడ్తదని తోచలే."

లక్మా చెయ్యి చాపి ఆమె కాలి కడియం పట్టుకున్నాడు. శ్రీరంగం లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. కోస కూడా గడ్డంలోని పొట్టు దులుపుకుంటూ వచ్చి రెండో పక్క నిలబడ్డాడు.

మున్షీ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. పెన్సిలు కాగితం మీద ఆనింది గానీ కదలలేదు.

"ఏమని రాయమంటరు నన్ను?" అన్నాడు, ఈసారి మెల్లగా. "వంటామె అని రాస్తే ఎవరూ అడగరు. పేరు లేకుంట పోతది."

"వద్దు. కోస మీద మాట పడ్డది గద," అంది ఆమె. "నా పేరే రాయి. మడ్కం గంగే."